లంబసింగిలో రీడ్రాఫ్ట్

డిసెంబర్ మూడో వారం, శనివారం రాత్రి పదకొండు. లంబసింగిలో టెంట్ల ముందు నెగడు చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. అందరం ఒకే ఆఫీసు, ఒకే టీము. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి నర్సీపట్నం రోడ్‌లో దిగి, ఘాట్ ఎక్కి వచ్చాం. వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఇక్కడ ఆరుబయట ఉండిపోతే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారు కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. నేను పగలు నవ్వాను. రాత్రికి నమ్మాను.

సిగ్నల్ లేదు. బొంగులో చికెన్ అయిపోయింది. ఆఫీసు కబుర్లు ఎవరూ ఎత్తదలుచుకోలేదు, ఎందుకంటే అది అప్రైజల్ సీజన్. మాలో ఇద్దరం మిగతా వాళ్ళకి ర్యాంకులు ఇవ్వాల్సిన వాళ్ళం. ఆ ఇద్దరిలో నేనొకడిని. అందుకని మాట క్రికెట్ మీదకి మళ్ళింది.

మూడేళ్ళు వాంకూవర్‌లో ఉండొచ్చిన మిత్రుడొకడు అక్కడి ఆట ఒకటి నేర్పాడు. ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రతి ఏడూ డ్రాఫ్ట్ జరుగుతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా పిలుచుకుంటాయి. పదిహేనేళ్ళు గడిచాక అభిమానులు కూర్చుని, ఇప్పుడు తెలిసినదంతా అప్పుడే తెలిసుంటే ఎవరిని ఎన్నో నంబరులో తీసుకునేవాళ్ళు అని మళ్ళీ జాబితా రాస్తారు. దాన్ని రీడ్రాఫ్ట్ అంటారు. 1999 డ్రాఫ్ట్ వాడికి కంఠతా వచ్చు. మొదటి పేరు పాట్రిక్ స్టెఫాన్, అట్లాంటా జట్టు తీసుకుంది. రెండూ మూడూ కవలలు, సెడీన్ సోదరులు, వాంకూవర్‌కి. ఎక్కడో 210వ పేరు హెన్రిక్ జెటర్‌బర్గ్, డెట్రాయిట్‌కి. ఇవాళ ఎవరు ఆ జాబితా తిరగరాసినా 210 ఎగబాకి మొదటి మూడింట్లోకి వస్తుంది, ఒకటో నంబరు అడ్రస్ లేకుండా పోతుంది.

'మనకీ ఒకటుంది కదా, 2008 అండర్-19,' అన్నారెవరో. అక్కడ మొదలై రెండింటి దాకా సాగింది. మర్నాడు తిరుగు ప్రయాణంలో నాకు ఆ ఆట మీదే అనుమానం వచ్చింది. ఈ వ్యాసం ఆ అనుమానం గురించే. రీడ్రాఫ్ట్ కూడా విమర్శే. చదివేవాళ్ళు బోలెడు, రాసేవాళ్ళు బోలెడు. దాన్ని విమర్శించేవాళ్ళే తక్కువ.

ముందు ఆ 2008 సంగతి. ఐపీఎల్ మొదటి వేలం ఫిబ్రవరి 20న జరిగింది. ధోనీకి 15 లక్షల డాలర్లు, మన డెక్కన్ చార్జర్స్ కొన్న సైమండ్స్‌కి 13.5 లక్షలు. పదకొండు రోజుల తర్వాత, మార్చి 2న, కౌలాలంపూర్‌లో ఇండియా అండర్-19 జట్టు సౌతాఫ్రికాని ఓడించి ప్రపంచకప్ తెచ్చుకుంది. మన స్కోరు 159. వాన పడటంతో లెక్క మారి, డక్‌వర్త్ లూయిస్ పద్ధతిలో 12 పరుగుల తేడాతో గెలిచాం. ఆ కుర్రాళ్ళని వేలానికి పెట్టలేదు, వాళ్ళ ధరలు ముందే కట్టేశారు. ఫ్రాంచైజీలు వంతులవారీగా ఎంచుకున్నాయి. అంటే ఐపీఎల్ చరిత్రలో హాకీ వాళ్ళ డ్రాఫ్ట్‌కి దగ్గరగా వచ్చింది ఇదే.

మొదటి వంతు ఢిల్లీది. జట్టు కెప్టెన్ విరాట్ కోహ్లీ ఢిల్లీ కుర్రాడే. కానీ ఢిల్లీ డేర్‌డెవిల్స్ అతన్ని వదిలేసి, ఎడమచేతి పేసర్ ప్రదీప్ సంగ్వాన్‌ని తీసుకుంది. కోహ్లీ బెంగళూరుకి వెళ్ళాడు. ధర 30 వేల డాలర్లు, అప్పటి లెక్కలో 12 లక్షలు.

ఈ కథ మీరు కనీసం ఇరవైసార్లు విని ఉంటారు. విన్న ప్రతిసారీ ఢిల్లీ యాజమాన్యం మీద జాలి, బెంగళూరు మీద అసూయ. నెగడు దగ్గర మేమూ అదే పాట పాడాం. ఒకటో నంబరు కోహ్లీ అని తేల్చడానికి ముప్ఫై సెకన్లు పట్టలేదు. రెండు జడేజా. (ఇక్కడ ఒకడు అడ్డం తిరిగాడు: టెస్టుల్లో 300 పైన వికెట్లు, 3000 పైన పరుగులు ఉన్నవాడిని రెండో నంబరులో ఎలా పెడతారని. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. టెస్టు జట్టు మాత్రమే కట్టాలంటే నేనూ జడేజానే ముందు పిలుస్తాను.) మూడు మనీష్ పాండే. ఆ తర్వాత అసలు గొడవ: సిద్దార్థ్ కౌలా, సౌరభ్ తివారీనా, ఏడు టెస్టులు ఆడిన అభినవ్ ముకుందా?

మర్నాడు తెల్లవారుజామున చెరువులవేనం కొండ ఎక్కాం. కింద లోయ కనిపించలేదు, పాలపొంగులాంటి మబ్బు మాత్రం ఉంది. అందరూ ఫోన్లు పైకెత్తి అరచేతిలో మబ్బు పట్టుకున్నట్టు ఫొటోలు దిగుతున్నారు. నేను మాత్రం మనసులో ఒక లెక్క వేసుకుంటున్నాను. రాత్రి మేం రాసిన జాబితానే వేరే వేరే సంవత్సరాల్లో రాసి ఉంటే?

2008 జూన్‌లో రాసి ఉంటే ఒకటో నంబరు కోహ్లీ కాదు. ఐపీఎల్ మొదటి మ్యాచ్‌లో, మెకల్లమ్ 158 కొట్టిన ఆ రాత్రి, కోహ్లీ చేసింది ఒక్క పరుగు. సీజన్ మొత్తం మీద 165, సగటు 15. అదే బెంగళూరు జట్టులో, అదే అండర్-19 నుంచి వచ్చిన వికెట్‌కీపర్ శ్రీవత్స్ గోస్వామికి ఆ ఏడాది అత్యుత్తమ అండర్-19 ఆటగాడి అవార్డు ఇచ్చారు. కాబట్టి మొదటి రీడ్రాఫ్ట్‌లో మొదటి పేరు గోస్వామి. రాజస్థాన్‌తో కప్పు గెలిచిన జడేజా రెండో పేరు అయ్యుండేవాడేమో.

2009లో రాసి ఉంటే? మే 21న సెంచూరియన్‌లో మనీష్ పాండే 114 నాటౌట్ కొట్టాడు. ఐపీఎల్‌లో ఒక భారతీయుడి మొదటి సెంచరీ అది. బాధితులు ఎవరో చెప్పాలా? డెక్కన్ చార్జర్సే. ఆ రాత్రి హాస్టల్ టీవీ గదిలో నేనున్నాను. పాండే పేరు మర్చిపోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. మే 24న అదే బెంగళూరుని ఫైనల్లో 6 పరుగుల తేడాతో ఓడించాం కాబట్టి. ముందటి ఏడు అట్టడుగున, ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు ఛాంపియన్ అయింది. అప్పుడు రాసి ఉంటే పాండే ఒకటి.

2010లో రాసి ఉంటే సౌరభ్ తివారీ. ముంబైకి 419 పరుగులు, ఆ ఏడాది కుర్రాళ్ళకిచ్చే అవార్డు, పైగా జులపాల జుట్టు చూసి 'ఎడమచేతి ధోనీ' అన్నారు. 2011లో రాసి ఉంటే కోల్‌కతా స్పిన్నర్ ఇక్బాల్ అబ్దుల్లా పేరు పైకి వచ్చేది. ఆ ఏడాది ఆ అవార్డు అతనికి వెళ్ళింది.

నాలుగేళ్ళు, నాలుగు జాబితాలు, నాలుగు మొదటి పేర్లు. ఏ జాబితా రాసినవాడూ తెలివితక్కువవాడు కాదు. ప్రతివాడి దగ్గరా సాక్ష్యం ఉంది. మాదొక్కటే సరైన జాబితా అని లంబసింగిలో మేం అనుకోవడానికి ఒకటే కారణం: మేం చివర్లో పుట్టిన పాఠకులం. నవల చివరి పేజీ ముందే చదివేసి, హంతకుడెవరో మొదటి అధ్యాయంలోనే తెలిసిపోయిందని చెప్పుకునే రకం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటాం కదా, ఇది అది కూడా కాదు. కాలిన చేతులు వేరేవాళ్ళవి, మనం ఆకుల మీద సమీక్ష రాస్తున్నాం.

ఇక ఢిల్లీ. తెలివితక్కువతనం అని అందరూ తిట్టే ఆ నిర్ణయాన్ని, ఆ రోజు వాళ్ళ ముందున్న కాగితాలతోనే చూద్దాం. సెహ్వాగ్ ఉన్నాడు, గంభీర్ ఉన్నాడు, ధావన్ ఉన్నాడు. దిల్షాన్, డివిలియర్స్, దినేశ్ కార్తీక్, మనోజ్ తివారీ. పంతొమ్మిదేళ్ల కుర్రాడు కోహ్లీని ఇందులో ఎక్కడ ఆడిస్తారు? పదో నంబరులోనా? పేస్ వైపు చూస్తే మెక్‌గ్రాత్ ఉన్నాడు, కానీ ఆయన కెరీర్ చివర్లో ఉన్నాడు. విదేశీయులు నలుగురికి మించి ఆడకూడదు. కావలసింది స్వదేశీ పేసర్, అందులోనూ ఎడమచేతి వాటమైతే పండగే. సంగ్వాన్ అంతకు ముందే రంజీ గెలిచిన ఢిల్లీ జట్టులో ఆడినవాడు. మొదటి రెండు సీజన్లూ ఢిల్లీ సెమీఫైనల్‌కి వెళ్ళింది. 2009లో లీగ్ దశలో పట్టికలో మొదటి స్థానం కూడా. కోహ్లీని తీసుకున్న బెంగళూరు 2008లో ఏడో స్థానం. (ఎనిమిదోది మేమే. రెండుసార్లు చెప్పించారు.)

మా ఉద్యోగంలో సర్వర్ పడిపోయిన మర్నాడు పోస్ట్‌మార్టం మీటింగ్ పెడతారు. అందులో ఒక నియమం ఉంటుంది, కనీసం గోడ మీద రాసి ఉంటుంది: ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి ఆ క్షణంలో స్క్రీన్ మీద ఏం కనిపించిందో దాంతోనే తీర్పు చెప్పాలి, తర్వాత బయటపడ్డ లాగ్‌లతో కాదు. రీడ్రాఫ్ట్ రాసేవాళ్ళు ఈ నియమాన్ని రోజూ తుంగలో తొక్కుతారు. నిర్ణయం మంచిదా కాదా అన్న ప్రశ్న, ఫలితం మంచిదా కాదా అన్న ప్రశ్న రెండూ ఒకటే అనుకుంటారు. ఢిల్లీది మంచి నిర్ణయం, చెడ్డ ఫలితం. నేను ఆ టేబుల్ దగ్గర ఉంటే నేనూ సంగ్వాన్ పేరే చెప్పేవాడిని.

సంగ్వాన్ 2013లో డోప్ పరీక్షలో పట్టుబడ్డాడు, 18 నెలలు నిషేధం. రీడ్రాఫ్ట్‌లలో అతని కథ అక్కడితో ముగుస్తుంది, 'అందుకే కోహ్లీని తీసుకోవాల్సింది' అని. నిజానికి ముగియలేదు. తిరిగొచ్చాడు, ఢిల్లీకి ఆడాడు, 2022లో గుజరాత్ టైటాన్స్ తరఫున మళ్ళీ ఐపీఎల్‌లో బంతి వేశాడు. ఆ ఏడాది గుజరాత్ కప్పు గెలిచింది కూడా. తప్పు చేసి, శిక్ష పూర్తి చేసి, ముప్ఫై దాటాక వెనక్కొచ్చిన పేసర్ కథ నాకైతే చదవాలనిపించే కథ. కానీ జాబితాలో కథకి చోటుండదు. నంబరుకే ఉంటుంది.

అయితే బెంగళూరు గొప్పతనం ఏమీ లేదా? ఉంది. అది డ్రాఫ్ట్ రోజున లేదు. 2011 వేలానికి ముందు ప్రతి జట్టూ నలుగురి దాకా అట్టిపెట్టుకోవచ్చన్నారు. బెంగళూరు ఒక్కడినే ఉంచుకుంది. ద్రావిడ్‌ని వదిలింది, కలిస్‌ని వదిలింది, స్టెయిన్‌ని వదిలింది (స్టెయిన్‌ని డెక్కన్ కళ్ళకద్దుకుని పట్టుకుంది). ఉంచుకున్నది కోహ్లీని. అప్పటికి అతని ఐపీఎల్ లెక్కలు చూడండి: 165, 246, 307. మూడు సీజన్లు, ఒక్క సెంచరీ లేదు. జలపాతం లేదు, ఏటికేడు కాస్త కాస్త పెరుగుతున్న నీటిమట్టం మాత్రం ఉంది. దాన్ని చూసినవాళ్ళెవరో వాళ్ళకి నా దండం.

కానీ ఆగండి. ఆ వేలంలోనే అదే బెంగళూరు సౌరభ్ తివారీని 16 లక్షల డాలర్లు పోసి కొంది. కోహ్లీని ఉంచుకున్నందుకు వాళ్ళ పర్సులోంచి కోసిన లెక్క 18 లక్షలు. ఒకే బ్యాచ్ కుర్రాళ్ళిద్దరినీ ఒకే యాజమాన్యం దాదాపు ఒకే తూకం వేసింది! ఈ ఒక్క వివరం చాలు, 'వాళ్ళకి ముందే తెలుసు' అనే మాట ఎంత బోలో చెప్పడానికి. తెలియదు. ఇద్దరి మీదా పందెం కాశారు. ఒకటి పండింది.

తివారీ గురించి ఇంకాస్త చెప్పాలి, నా స్వార్థం ఉంది. 2010 అక్టోబర్ 20. నేను వైజాగ్‌లో ఇంజనీరింగ్ ఫైనలియర్. ఇండియా-ఆస్ట్రేలియా వన్డే. క్లాసులెగ్గొట్టి స్టేడియంకి పోయాం. ఆస్ట్రేలియా 289 కొట్టింది, క్లార్క్ సెంచరీ. ఛేజింగ్‌లో కోహ్లీ 118. ఆఖర్లో రైనాతో కలిసి మ్యాచ్ ముగించినవాడు సౌరభ్ తివారీ, అదే అతని మొదటి వన్డే. 12 నాటౌట్. శిఖర్ ధావన్‌కీ ఆ రోజే మొదటి వన్డే, వచ్చాడు, డకౌటై వెళ్ళాడు. స్టాండ్‌లో నా పక్కన కూర్చున్నాయన చాలా నమ్మకంగా చెప్పాడు: 'ఆ ధావన్ మళ్ళీ కనబడడు, ఈ జుట్టోడు మాత్రం పదేళ్ళు ఆడతాడు, రాసి పెట్టుకో.' నేను తలూపాను. తివారీ మొత్తం ఆడింది మూడు వన్డేలు. ధావన్ సంగతి మీకు తెలుసు. పక్కాయనది తప్పు కాదు. ఆ సాయంత్రం చూసిన దాన్ని బట్టి ఎవరైనా అదే అనేవారు.

ఆ నెలలోనే మా కాలేజీలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు. మొదటి రోజు వచ్చిన కంపెనీ మా బ్రాంచిలో ఏడుగురిని తీసుకుంది, నేను ఎనిమిదోవాడిని. పదిహేనేళ్ళ తర్వాత మా వాట్సాప్ గ్రూపులో కూడా అప్పుడప్పుడూ ఒక రీడ్రాఫ్ట్ జరుగుతుంది, ఎవరు ఎక్కడ సెటిలయ్యారు, ఎవరి ప్యాకేజీ ఎంత అని. నా ర్యాంకు ఇప్పుడు మెరుగే. ఆ ఏడుగురిలో ఒకడు ఉద్యోగం మానేసి ఊరెళ్ళి తల్లిదండ్రులని చూసుకుంటున్నాడు. వాట్సాప్ లెక్కలో వాడు ఆఖరు. అది చదివినప్పుడల్లా గ్రూపులోంచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. వెళ్ళను, ఎందుకంటే నా పేరు పైన ఉంది కదా.

సాహిత్యం పత్రికలో ఇదంతా ఏమిటని అడగబోతున్న వాళ్ళకి: మనం చేసేదీ ఇదే. కథాసాహితి 1990 నుంచి ఏటేటా 'కథ' సంకలనాలు వేస్తోంది. పాత సంకలనం ఒకటి తీసి, ఇందులో ఎవరు నిలిచారు, ఎవరు కొట్టుకుపోయారు అని లెక్కపెట్టని పాఠకుడు ఉన్నాడా? ఆ ఒక్క కథ తర్వాత ఇంకేమీ రాయని రచయిత పేరు చూసి 'పాపం' అనుకుంటాం. ఆ కథ మళ్ళీ చదవం. చదివితే అది ఇప్పటికీ అంతే బాగుండొచ్చు. కెరీర్‌ని బట్టి కథకి మార్కులు వేయడం, ఆ తర్వాతి ఇన్నింగ్స్‌ని బట్టి ఈ ఇన్నింగ్స్‌కి మార్కులు వేయడం, రెండూ ఒక్కటే జబ్బు.

కౌలాలంపూర్ ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరు? కోహ్లీ కాదు, జడేజా కాదు. బరోడా పేసర్ అజితేష్ అర్గల్. 5 ఓవర్లు, 7 పరుగులు, 2 వికెట్లు. ఆ టోర్నీ మొత్తం మీద ఎక్కువ పరుగులు చేసింది తన్మయ్ శ్రీవాస్తవ, 262. ఫైనల్లో 46, మన 159లో అవి ఎంత విలువైనవో చూడండి. వీళ్ళిద్దరూ లేకపోతే ఆ కప్పు లేదు, ఆ కప్పు లేకపోతే ఆ కుర్రాళ్ళ చుట్టూ అంత సందడి ఉండేది కాదు. ఏ రీడ్రాఫ్ట్‌లోనూ ఈ ఇద్దరూ మొదటి ఎనిమిదిలో కనబడరు. లంబసింగిలో మేం అర్గల్‌ని పన్నెండో, పదమూడో అని తోసేశాం.

2023లో ఈ ఇద్దరూ కలిసి బీసీసీఐ అంపైర్లయ్యారు. 2025 ఐపీఎల్‌కి తన్మయ్ అంపైర్‌గా వచ్చాడు. అదే సీజన్లో, జూన్ 3న, పద్దెనిమిదో ప్రయత్నంలో బెంగళూరు మొదటిసారి కప్పు గెలిచింది. కోహ్లీ మైదానంలో కూలబడి ఏడ్చాడు. పదిహేడేళ్ళ కిందట ఒకే డ్రెస్సింగ్ రూంలో ఉన్నవాళ్ళు: ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు వేలెత్తుతున్నారు. రెండూ ఆటే. ఈ రెండింట్లో ఒకటి రెండోదానికంటే ఎంత పైన అని ఏ కొలబద్దతో చెబుతాం?

తరువర్ కోహ్లీ అని ఇంకొకడున్నాడు. ఇంటిపేరు అదే, చుట్టరికం లేదు. పంజాబ్ తరఫున రంజీలో ట్రిపుల్ సెంచరీ, ఆ తర్వాత మిజోరం వెళ్ళి ఇంకో ట్రిపుల్ సెంచరీ. రెండు వేర్వేరు రాష్ట్రాలకి మూడొందలు కొట్టినవాడిని మా నెగడు దగ్గర 'వాడెవడు?' అన్నారు. నెపోలియన్ ఐన్‌స్టీన్‌ని మాత్రం అందరూ గుర్తుపట్టారు, ఆ పేరు ఒకసారి వింటే ఎవరు మర్చిపోతారు! చెన్నై తీసుకుంది. తల్లిదండ్రులు పెట్టుకున్న ఆశల్లో మనవాళ్ళ రీడ్రాఫ్ట్‌లు ఏ మూలకి?

మన ఊరి లెక్క కూడా చెప్పి వదిలేస్తాను. 2018లో ఫైనల్ దాకా వెళ్ళిన సన్‌రైజర్స్ జట్టులో ఈ బ్యాచ్ వాళ్ళు ముగ్గురున్నారు: 11 కోట్లకి కొన్న పాండే, 21 వికెట్లు తీసిన కౌల్, వికెట్ల వెనక గోస్వామి. ఆ ఏడాది ఉప్పల్‌లో కూర్చున్నవాడికి కౌలే ముగ్గురిలో గొప్ప. ధర చూస్తే పాండే. పదేళ్ళ కిందటి అవార్డు చూస్తే గోస్వామి. జడేజాదైతే ఇంకా తమాషా: తనని డ్రాఫ్ట్ చేసిన రాజస్థాన్‌కే, కొచ్చి, చెన్నై, గుజరాత్ లయన్స్, మళ్ళీ చెన్నై అన్నీ తిరిగి, 2025 నవంబర్‌లో ట్రేడ్‌లో వచ్చి చేరాడు.

ఇక అసలు విషయం. ఆ రాత్రి రెండింటికి, మా జాబితా పదకొండు దగ్గర ఆగింది. మిగతా పేర్లు గుర్తు రావడం లేదు, వెతుకుదామంటే సిగ్నల్ లేదు. టెంట్లు చూసుకునే కుర్రాడు చింతపల్లి వైపువాడు, ఇరవై ఏళ్ళుంటాయి. అప్పటిదాకా నెగడులో కట్టెలు ఎగదోస్తూ వింటున్నాడు. అప్పుడడిగాడు:

'ఆ పదిహేను మందిలో మనోడెవుడూ లేడేటి సార్?'

ఆరుగురం తెలుగువాళ్ళం. మూడు గంటలుగా మాట్లాడుతున్నాం. ఢిల్లీ గురించి, బెంగళూరు గురించి, వాంకూవర్ గురించి కూడా. ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఉన్నాడు. దువ్వారపు శివకుమార్. ఆంధ్ర పేసర్. మలేషియా వెళ్ళిన ఆ పదిహేను మందిలో ఒకడు, ఆంధ్ర జట్టుకి రంజీలు ఆడాడు. నాకు ఆ పేరు గుర్తొచ్చింది, కానీ సిగ్గుపడాల్సినంత ఆలస్యంగా. పేరు చెప్పాక అతని బౌలింగ్ గురించి ఒక్క వాక్యం కూడా నా దగ్గర లేదు. సంగ్వాన్ రంజీ సంగతులు చెప్పగలను, మన పేసర్‌వి చెప్పలేను.

'ఇక్కడికి సెలక్టర్లు రారు సార్, టూరిస్టులే వొస్తారు. మేవూ ఆడతాం. సంక్రాంతికి టోర్నమెంట్లు పెడతారు చింతపల్లిలో,' అన్నాడు కుర్రాడు. ఫిర్యాదులా అనలేదు. టీ పెట్టమంటారా అన్నంత మామూలుగా అన్నాడు. డ్రాఫ్ట్ గురించి, రీడ్రాఫ్ట్ గురించి మేం చేసిన వాదనలన్నీ అప్పటికే పేర్లున్న కాగితం మీద జరిగినవి. ఆ కాగితం మీదకి ఎక్కని వాళ్ళ గురించి తప్పు చేశామా, ఒప్పు చేశామా అని వెనక్కి తిరిగి చూసుకోవడానికి కూడా వీల్లేదు. అక్కడ ఢిల్లీ లేదు, పశ్చాత్తాపపడేందుకు ఎవరూ లేరు.

సోమవారం ఆఫీసులో నా ముందు ఎనిమిది పేర్ల స్ప్రెడ్‌షీట్ తెరుచుకుంది. ఒకరిని కచ్చితంగా అడుగున పెట్టాలి, రూలు. ఎవరిని పెట్టాలో శుక్రవారమే తేల్చుకున్నాను, ఏడాది కిందట చేరిన అమ్మాయి. 165 పరుగుల సీజన్. కారణం రాయాల్సిన గడిలో నేను నీటిమట్టం గురించి రాయబోయాను. పై మేనేజర్ ఐదొందల అక్షరాలు దాటకూడదన్నాడు. కుదించి రాశాను, రూలు ప్రకారం ఒక పేరు కింద పెట్టాను. ఆ పేరు ఆమెది కాదు. శుక్రవారం కంటే నాకు ఎక్కువ తెలుసని మాత్రం కాదు. కింద పెట్టిన మనిషి కూడా రేపు ఏమవుతాడో నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం లంబసింగి నుంచి బయల్దేరేటప్పుడు సామాన్లు వ్యాన్‌లో ఎక్కించి ఆ కుర్రాడు కిటికీ దగ్గరకి వచ్చాడు.

'సార్, ఇంతకీ శివకుమార్‌ని ఎన్నో నంబర్లో పెట్టారు?'

పెట్టలేదు. పదకొండు దగ్గర ఆగిపోయాం కదా. ఆ మాట చెప్పడానికి నోరు రాక, 'పన్నెండు,' అన్నాను.

'పోన్లెండి సార్. ఆఖరోడు కాదు గదా,' అని వ్యాన్ తలుపు మూశాడు.